జపాన్ బడిలో మీ పిల్లలు చదవలేకపోతున్నారా? ఎక్కడ ఆగుతున్నారో ఇలా పట్టుకోండి

జపాన్‌లో ఉండే మనవాళ్లలో చాలామంది పిల్లల్ని ఇండియన్ స్కూల్లో వేస్తారు, టోక్యోలో నిషి కసాయ్ చుట్టుపక్కల ఇల్లు దొరికితే అది తేలిక కూడా. కానీ ఫీజు చూసో, ఊరు దూరమనో, ఎలాగూ ఇక్కడే ఉండిపోతాం కదా భాష రావాలనో మామూలు ప్రభుత్వ బడిలో చేర్పించినవాళ్లూ తక్కువేం లేరు. ఇది వాళ్ల కోసం. పిల్లాడు పార్కులో జపాన్ పిల్లలతో గలగలా మాట్లాడేస్తుంటాడు, పుస్తకం ముందు పెడితే మాత్రం నోరు పెగలదు. టీచరేమో అలవాటు పడతాడు, కొంచెం ఆగుదాం అంటారు. ఇంట్లో మనమేమో శ్రద్ధ లేదు, ఇంకో పేజీ రాయి అంటాం.

ఈ రెండు మాటల్లో ఏదీ కారణం చెప్పదు. పైకి అందరిదీ ఒకే ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ ఒకరు శబ్దం దగ్గర ఆగుతారు, ఒకరు ఆకారం దగ్గర, ఇంకొకరికి అక్షరాలన్నీ వచ్చు, ఆ మాటే ఎప్పుడూ విని ఉండరు. ఎక్కడ ఆగుతున్నారో తెలుసుకోకుండా ఎన్ని పేజీలు రాయించినా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. కాబట్టి ముందు ఆ చోటు పట్టుకోవాలి, వైద్యం తర్వాత.

ముందుగా, పిల్లల నెత్తిన ఎంత బరువుందో చూడండి

జపనీస్ రాతలో మూడు లిపులు కలిసి ఉంటాయి. శబ్దాన్ని రాసే హిరగానాలో 46 మూల అక్షరాలు, కటకానాలో మళ్లీ అవే శబ్దాలకి వేరే 46 ఆకారాలు. ఇవి మన గుణింతం నేర్చినవాళ్లకి పెద్ద లెక్క కాదు. అసలు బరువు కాంజీలది, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోటీ ఒక అర్థం చెప్పే గుర్తులది. ప్రాథమిక బడిలో నేర్పాల్సినవి 1,026. ఒకటో తరగతిలో 80, రెండులో 160, మూడులో 200, నాలుగులో 202, ఐదులో 193, ఆరులో 191. అంటే మీరు ఇండియా నుంచి వచ్చి ఏప్రిల్‌లో మూడో తరగతిలో చేర్పిస్తే మొదటి రోజుకే తోటి పిల్లలు 240 కాంజీలు ముందున్నారు, నాలుగులో చేర్పిస్తే 440. క్లాసు ఆ వెనకబాకీ కోసం ఆగదు. అలాంటి పిల్లాడు చదవలేకపోతే అది లోపం కాదు, బాకీ. అక్కడే పుట్టి, కిండర్‌గార్టెన్ నుంచీ వాళ్లతోపాటే చదివి, రెండో తరగతి చివరికి కూడా హిరగానా దగ్గరే తడబడుతుంటే మాత్రం ఆగి చూడాల్సిందే. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే మీకూ అర్థం కాదు, టీచర్‌కీ అర్థం కాదు.

మొదటి పని: కళ్లు, చెవులు

బడిలో ప్రతి ఏడాదీ చూపు పరీక్ష చేస్తారు, ఫలితం ఎ, బి, సి, డి అని ఇస్తారు. ఎ అంటే 1.0 లేదా అంతకంటే పైన, డి అంటే 0.3 కంటే తక్కువ. బి గానీ అంతకంటే కింద గానీ వస్తే డాక్టర్‌కి చూపించమని చీటీ ఇస్తారు. ఆ చీటీ బ్యాగులో అడుగున నలిగిపోయి నెలల తరబడి ఉండిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఈరోజే బ్యాగు వెతకండి. పదిహేను, ఇరవై గీతలుండే కాంజీ మసకగా కనిపిస్తే నల్లటి మచ్చలా ఉంటుంది, అంతే. చెవి సంగతీ అంతే, తరచూ జలుబు చేసి చెవిలో చీము పట్టే పిల్లలకి చిన్న శబ్దాల తేడా అందకపోవచ్చు. ఈ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే మిగతావి.

రెండో పని: నిజంగా చదువుతున్నారా, అప్పజెబుతున్నారా?

ఓన్‌దోకు అని రోజూ హోంవర్క్ ఉంటుంది, పాఠం పైకి చదవాలి, అమ్మో నాన్నో విని కార్డు మీద గుర్తు పెట్టి సంతకం చేయాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్లాసులో అందరూ కలిసి అదే పాఠాన్ని రోజూ చదువుతారు కాబట్టి చురుకైన పిల్లలు వారంలో మొత్తం కంఠస్థం పట్టేస్తారు. కళ్లు పుస్తకం మీదే ఉంటాయి, వేలు కూడా కదులుతుంటుంది, నోరు మాత్రం జ్ఞాపకంలోంచి పలుకుతుంది. మీరు చాలా బాగా చదివాడని కార్డు మీద ఒకదానిలో ఒకటి రెండు సున్నాలు చుట్టి సంతకం పెట్టేస్తారు.

ఇలా చేసి చూడండి. పాఠం మధ్యలోంచి ఒక వాక్యం తీసుకుని, పైదీ కిందదీ కాగితంతో మూసేసి, అది ఒక్కటే చదవమనండి. తర్వాత ఇంతవరకూ చూడని పుస్తకం, లైబ్రరీలో ఒకటో తరగతి పిల్లలకి ఉండేది ఏదైనా, అందులోంచి నాలుగు వరుసలు. ఆ తర్వాత అర్థం లేని అక్షరాల వరుస మీరే రాసి ఇవ్వండి, ‘ను-కె-మో-త’, ‘హి-రు-సో-నె’ ఇలాంటివి. అర్థం లేని మాటని ఊహించడం కుదరదు కదా, అందుకని అక్షరం నుంచి శబ్దం తీయడం వచ్చో రాదో ఇక్కడ బయటపడుతుంది. తిట్టకుండా, మధ్యలో అందించకుండా, ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత నిదానంగా వినండి.

వింటున్నప్పుడు కొన్ని విషయాలు పట్టుకోవాలి. ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పలుకుతూ, చివరికి వచ్చేసరికి అదేం మాటో తెలియకుండా ఆగిపోతున్నారా? మాట మొదలు చూసి చివర ఊహించేస్తున్నారా, ‘ఇకిమాషిత’ అని రాసుంటే ‘ఇకిమాస్’ అనేస్తున్నారా? వరుసలు దాటేస్తున్నారా? జపాన్ భాషా పాఠ్యపుస్తకం పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి ఉంటుంది, లెక్కల పుస్తకమేమో ఎడమ నుంచి కుడికి. ఒకే బ్యాగులో రెండు దిక్కులు. వరుస తప్పే పిల్లలకి ఒక అట్టముక్కలో సన్నగా కిటికీలా కోసి ఇవ్వండి, ఒక వరుసే కనపడేలా. ఖర్చు లేదు, అదే రోజు తేడా తెలుస్తుంది.

మూడో పని: మాట తెలియదా, అక్షరం తెలియదా?

మనలాంటి ఇళ్లలో ఇది అన్నిటికంటే ముఖ్యం. పిల్లాడు ఏ మాట దగ్గర ఆగాడో రాసుకుని, పుస్తకం మూసేసి, ఆ మాట మీరే పైకి అని అర్థం అడగండి. జపనీస్ మీకు రాకపోతే ఫోన్ చేత పలికించండి. విన్నా అర్థం చెప్పలేకపోతే అది చదువు సమస్య కాదు, ఆ మాట వాడి జీవితంలో లేదు. ఇంట్లో తెలుగు, బయట ఆటల భాష, మరి పాఠంలో ‘నాగలి’, ‘పల్లె తిరునాళ్లు’, ‘కాలువ గట్టు’ లాంటి మాటలొస్తే వాడికెలా తెలుస్తుంది? దానికి మందు బొమ్మలు, మాటలు, ఆ సంగతుల్ని ముందుగా తెలుగులో చెప్పడం. రేపు తోడేలు పాఠం ఉందంటే ఈరోజు రాత్రి ఆ కథ తెలుగులో చెప్పేయండి, సగం పని అయిపోతుంది. జపనీస్ త్వరగా రావాలని ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వచ్చీరాని జపనీస్‌లో మనం మాట్లాడితే పిల్లాడికి అదీ సరిగా రాదు, ఇదీ పోతుంది.

విన్నప్పుడు టక్కున అర్థం చెప్పి, రాసినప్పుడు మాత్రం ఆగుతున్నాడంటే, అప్పుడు కింది పనులు.

నాలుగో పని: శబ్దం దగ్గర చూడండి

హిరగానా ఒక అక్షరానికి ఒక శబ్దం, తేలిక అంటారు. చాలావరకు నిజమే, చిక్కంతా మినహాయింపుల్లో ఉంది. ‘త్సు’ అక్షరాన్ని చిన్న సైజులో రాసి పెడితే ద్విత్వం అవుతుంది: ‘కితె’ అంటే రా అని, ‘కిత్తె’ అంటే పోస్టల్ స్టాంపు. చిన్న ‘యో’ పెడితే ‘బ్యోఇన్’ ఆసుపత్రి, అదే పెద్ద ‘యో’ రాస్తే ‘బియోఇన్’ బ్యూటీ పార్లర్. దీర్ఘం ఒక్కటి తేడా వస్తే ‘ఒబసాన్’ ఆంటీ కాస్తా ‘ఒబాసాన్’ అమ్మమ్మ అయిపోతుంది. పైగా ‘ఓ’ దీర్ఘాన్ని మామూలుగా ‘ఉ’ పెట్టి రాస్తారు, కొన్ని మాటల్లో మాత్రం ‘ఒ’ పెట్టి. ఆ కొన్ని గుర్తుండటానికి, దూరాన ఉన్న పెద్ద మంచుగడ్డ మీదుగా ఎన్నో తోడేళ్లు పదేసి చొప్పున వెళ్లాయి అని ఒక వాక్యం కట్టి నేర్పిస్తారు, అందులోని మాటలన్నీ ఆ బాపతే.

ఇక ‘హ’ అక్షరం సంగతి. విభక్తిలా వచ్చినప్పుడు దాన్ని ‘వ’ అని చదవాలి. ‘హహ వ హన గ సుకి’, అమ్మకి పూలంటే ఇష్టం, ఈ వాక్యాన్ని మొత్తం హిరగానాలో రాయండి. వరసగా నాలుగు ‘హ’లు పడతాయి, అందులో మూడోది మాత్రమే ‘వ’. జపనీస్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, ఒకటో తరగతి పుస్తకాల్లో ఇచ్చినా తర్వాత తీసేస్తారు. పెద్దవాళ్లు దీన్ని సులువుగా చదువుతారంటే కారణం అమ్మకీ, పువ్వుకీ కాంజీలు ఉండి మాట ఎక్కడ మొదలవుతుందో చూపిస్తాయి. అందుకే పిల్లాడికి కష్టంగా ఉంది కదా అని మీరు అంతా హిరగానాలో రాసి ఇస్తే సులువవుతుందనుకోకండి, కొన్నిసార్లు ఇంకా గజిబిజి అవుతుంది. మాటల మధ్య పెన్సిల్‌తో అడ్డగీతలు గీయించండి, అది మేలు.

ఇక్కడ మనకో లాభం ఉంది, ఎవరూ వాడుకోరు. జపనీస్ వాళ్లు మాటని లెక్కపెట్టే పద్ధతి దాదాపు మన ఛందస్సులో మాత్రల లెక్కే. ‘కిత్తె’: మొదటిది గురువు, రెండోది లఘువు, మూడు మాత్రలు, వాళ్ల లెక్కలోనూ మూడే. ‘నిహొన్’ మూడు. ‘నిప్పొన్’ నాలుగు. ‘తోక్యో’ రెండు గురువులు, నాలుగు. గురులఘువులు పిల్లలకి చెప్పక్కర్లేదు, లెక్కపెట్టాల్సింది మీరు. ఒక్కో మాత్రకి ఒక చప్పట్లు, చిన్న ‘త్సు’ దగ్గర చప్పట్లు కొట్టకుండా పిడికిలి బిగించడం, దీర్ఘం దగ్గర చేతులు కలిపి కిందికి లాగడం. ఒత్తులూ దీర్ఘాలూ రోజంతా వినే తెలుగు చెవికి ఈ తేడా పట్టుబడటం కష్టమేం కాదు. ముందు నోటితో, చేతితో చేయించి, ఆ తర్వాతే రాతలో చూపించండి.

ఆటలు కావాలంటే రెండున్నాయి, పిల్లలకి ముందే తెలుసు. షిరితోరి, అంటే మాటలతో అంత్యాక్షరి, చివరి శబ్దంతో కొత్త మాట, ‘న్’తో ముగిస్తే ఔట్. రెండోది రాయి-కాగితం-కత్తెర వేసుకుని మెట్ల మీద ఆడే గురికో: రాయితో గెలిస్తే ‘గు-రి-కో’ అని మూడు మెట్లు, కత్తెరతో గెలిస్తే ‘చి-యో-కో-రె-ఇ-తో’ అని ఆరు, కాగితంతో గెలిస్తే ‘పా-ఇ-నా-త్సు-పు-రు’ అని ఆరు. చాక్లెట్ దగ్గర ‘చో’ని రెండు మెట్లుగా సాగదీస్తారు, లెక్క ప్రకారం తప్పే, ఆటలో మాత్రం చెల్లుతుంది, వదిలేయండి. ఇంకొకటి మీరే ఆడించవచ్చు, మాటని వెనక నుంచి చెప్పించడం: ‘కురుమ’ అంటే ‘మరుకు’. ఒకటో తరగతి చివరికి కూడా మూడు శబ్దాల మాటని తిప్పి చెప్పడానికి బాగా ఇబ్బంది పడుతుంటే, అది టీచర్‌కి చెప్పాల్సిన విషయం.

ఐదో పని: ఆకారం

‘ను’, ‘మె’ దాదాపు ఒకటే, ‘ను’కి చివర చిన్న ముడి ఉంటుంది. ‘రు’, ‘రో’ అంతే, ముడి ఉందా లేదా అన్నదే తేడా. ‘వ’, ‘రె’, ‘నె’ మూడింటికీ ఎడమ సగం ఒకటే. ‘స’ని అద్దంలో చూస్తే ‘చి’. కటకానాలో ‘షి’, ‘త్సు’ గురించి పెద్దవాళ్లే మొత్తుకుంటారు: ‘షి’లో చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి, పెద్ద గీత కింది నుంచి పైకి, ‘త్సు’లో చిన్న గీతలు పైన పక్కపక్కన, పెద్ద గీత పైనుంచి కిందికి. కళ్లతో తేడా కనిపెట్టమంటే కష్టం, చేత్తో దిక్కు నేర్పితే తొందరగా వస్తుంది. ఇసుకలోనో, బియ్యప్పిండి పరిచిన పళ్లెంలోనో వేలితో పెద్దగా రాయించండి. కలిసిపోయే జంటని ఒకేరోజు నేర్పకండి, ఒకటి గట్టిపడ్డాక రెండోది.

ఫాంటు సంగతి చాలామందికి తట్టదు. పాఠ్యపుస్తకంలో ‘స’, ‘కి’ అక్షరాల కింది గీత విడిగా ఉంటుంది, చేత్తో రాసినట్టు. చాలా ఫోన్లలో, పోస్టర్లలో అది పైగీతతో కలిసిపోయి ఉంటుంది. మనకి తేడా అనిపించదు, ఆకారం దగ్గర ఇబ్బంది పడే పిల్లాడికి అవి రెండు వేర్వేరు అక్షరాలు. ఇంట్లో ప్రింటు తీసి ఇస్తుంటే పాఠ్యపుస్తకం తరహా ఫాంటే వాడండి. మోరిసావా కంపెనీ చేసిన యూడీ డిజిటల్ క్యోకషో ఫాంటు 2017 నుంచి విండోస్ 10లోనే వస్తోంది. అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య చోటు ఎక్కువగా పెట్టండి.

ఆరో పని: కాంజీ, అసలు కొండ ఇదే

అకిరా ఉనో అనే పరిశోధకుడి బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రాథమిక బడి పిల్లల్లో చదవడానికి ఇబ్బంది పడేవాళ్లు హిరగానాలో 0.2 శాతం, కటకానాలో 1.4, కాంజీలో 6.9 శాతం అని తేలింది. హిరగానా గడగడా చదివిన పిల్లలు మూడో తరగతిలో కుప్పకూలితే ఆశ్చర్యపోకండి.

ఎందుకింత కష్టం? ఆదివారం తీసుకోండి, ‘నిచియోబి’. మూడు కాంజీల మాట, మొదటిదీ చివరిదీ ఒకటే, సూర్యుడు. మొదట్లో ‘నిచి’, చివర ‘బి’. అదే సూర్యుడు ‘క్యో’ అంటే ఈరోజు అనే మాటలోనూ ఉన్నాడు, అక్కడ ఏ ముక్క ఎవరిదో విడదీయడం కుదరదు. ఒకటి, సూర్యుడు అని రెండు కాంజీలు పక్కపక్కన పెడితే ‘ఇచినిచి’ అని చదివితే ఒక రోజు మొత్తం, ‘త్సుఇతాచి’ అని చదివితే నెలలో ఒకటో తారీఖు, సందర్భం బట్టి తేల్చుకోవాలి. ‘హితోరి’ ఒకరు, ‘ఫుతారి’ ఇద్దరు, మూడో మనిషి వచ్చేసరికి ‘సన్‌నిన్’. ఇదంతా చూశాక కూడా పిల్లాడిని మొద్దు అనగలిగితే మీ ఇష్టం.

అందుకని ఒక్క కాంజీ రాసి దాని కింద నాలుగు పలుకులు రాసిన కార్డులు చెత్తబుట్టలో వేయండి. కార్డు మీద మాట ఉండాలి, వెనక బొమ్మో తెలుగు అర్థమో ఉండాలి. ముందు అర్థం, తర్వాత పలుకు, రాత అన్నిటికంటే చివర, మూడూ ఒకేరోజు అక్కర్లేదు. పుస్తకంలో కాంజీ పక్కన చిన్న అక్షరాలతో ఫురిగానా, అంటే దాని పలుకుని హిరగానాలో, రాసిపెట్టండి, చదువు ఆగకుండా ముందుకి సాగనివ్వండి. ఫురిగానా ఇస్తే బద్ధకం వస్తుందని కొందరంటారు. అసలు చదవకుండా కూర్చోవడం కంటే ఆ బద్ధకం నయం.

రాత విషయానికొస్తే, డ్రిల్లు పుస్తకంలో ఒకే కాంజీతో గళ్లన్నీ నింపమని ఇస్తారు. పిల్లాడు ఏం చేస్తున్నాడో వెనక నిలబడి చూడండి. ఎడమ సగాన్ని పైనుంచి కిందిదాకా అన్ని గళ్లలో దించేసి, మళ్లీ పైకొచ్చి కుడి సగం వేసుకుంటూ పోతాడు. పేజీ నిండింది, కాంజీ మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు! దాని బదులు మూడుసార్లు చాలు, కానీ ముక్కలుగా నోటితో చెబుతూ. మనిషి పక్కన చెట్టు, విశ్రాంతి. చెట్టు పక్కన చెట్టు, తోపు. మూడు చెట్లు, అడవి. తెలుగులోనే చెప్పించండి, ఏం పోదు. పెద్దయ్యేకొద్దీ శబ్దాన్ని పట్టిచ్చే భాగాలు కూడా చూపించండి: ‘నీలం’ అనే ముక్కకి పక్కన నీళ్లు పెట్టినా, సూర్యుడిని పెట్టినా, బియ్యం పెట్టినా, మాట అనే గుర్తు పెట్టినా అన్నిటికీ ‘సే’ అనే పలుకు ఉంటుంది. ఇలాంటి కుటుంబం ఒకటి దొరికితే నాలుగు కాంజీలు ఒక్క దెబ్బకి వస్తాయి.

గీత చివర ఆపలేదు, కొక్కెం తిప్పలేదు అని మార్కులు కోసే టీచర్లుంటారు. అలాంటి చిన్న తేడాలుంటే తప్పుగా చూడనక్కర్లేదని జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. గొడవకి వెళ్లమని కాదు, తెలిసి ఉంటే మర్యాదగా అడగొచ్చు.

ఏడో పని: బడితో మాట్లాడటం

పై పనులు ఒక టర్మ్ పాటు చేసినా కదలిక లేకపోతే ఆలస్యం చేయకండి. కియోషి మకితా అనే వైద్యుడు 1968లో జపాన్ పిల్లల్లో చదవడంలో వైకల్యం చాలా అరుదు అని రాశారు, టీచర్లని అడిగి చేసిన సర్వే అది. మన భాషలో ఆ సమస్య ఉండదులే అనే ధీమా ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. విదేశీ పిల్లలైతే ఇంకా తేలిగ్గా ‘భాష రాక’ అని పక్కన పెట్టేస్తారు.

క్లాసు టీచర్‌తో మొదలుపెట్టండి, కానీ ప్రతి బడిలోనూ ప్రత్యేక సహాయ విద్యకి కోఆర్డినేటర్‌గా ఒక టీచర్ ఉంటారు, ఆయన్ని కూడా కూర్చోబెట్టమనండి. చేతులూపుకుంటూ వెళ్లకండి. రికార్డింగ్, ఏ మాటలు వింటే తెలుసో ఏవి చదవలేకపోయారో రాసుకున్న కాగితం, ఇండియా నుంచి వచ్చినవాళ్లైతే తెలుగో ఇంగ్లిషో ఎంత చదివేవాడో చూపించే పాత నోటుబుక్కు పట్టుకెళ్లండి. తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ, జపనీస్‌లోనూ ఒకేలా తడబడితే అనుమానం బలపడుతుంది. ఒక భాషలో బాగా చదువుతున్నాడు కాబట్టి సమస్య లేదని మాత్రం తేల్చేయకూడదు. ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులకి జపాన్‌లో పుట్టి పెరిగిన ఒక కుర్రాడి గురించి వైడెల్, బటర్‌వర్త్ అనే పరిశోధకులు 1999లో రాశారు, అతను జపనీస్ బ్రహ్మాండంగా చదివేవాడు, ఇంగ్లిష్ దగ్గర మాత్రం తీవ్రమైన డిస్‌లెక్సియా, అంటే చదవడంలో వైకల్యం.

పరీక్ష చేయిస్తామంటే సరే అనండి. చదవడం రాయడానికి స్ట్రా ఆర్, తెలివితేటల తీరుకి విస్క్ అని ఉంటాయి. అవి జపనీస్ మాతృభాషగా ఉన్న పిల్లల కోసం చేసినవి కాబట్టి మీవాడు వచ్చి ఎన్నేళ్లయిందో, ఇంట్లో ఏ భాషో ముందే చెప్పండి, దుబాసీ కావాలని అడగండి.

అడిగేటప్పుడు ‘సాయం చేయండి’ అని మొహమాటంగా ఆపేస్తే వాళ్లూ తలూపి ఊరుకుంటారు. వివరంగా అడగండి: పరీక్ష పేపర్ మీద ఫురిగానా, పెద్ద అక్షరాలు, కొంచెం ఎక్కువ టైము, కాంజీ బదులు హిరగానాలో రాసినా మార్కు, బ్లాక్‌బోర్డుని టాబ్లెట్‌తో ఫోటో తీసుకోవడం, డ్రిల్లు సగానికి తగ్గించడం. వీటిని ‘గోరితెకి హైర్యో’ అంటారు, వైకల్య వివక్ష నిర్మూలన చట్టం 2016 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ప్రభుత్వ బడుల బాధ్యత అది. వారంలో కొన్ని గంటలు విడిగా నేర్పే ‘త్సూక్యూ’ తరగతి ఉందేమో, జపనీస్ భాష నేర్పే క్లాసు వేరేగా ఉందేమో కూడా అడగండి. ఈ రెండూ ఒకటి కాదు, కొందరికి రెండూ కావాలి.

చదవడం కష్టమైన పిల్లల కోసం డైసీ పాఠ్యపుస్తకాలు ఉన్నాయి, బడిలో వాడే పుస్తకమే, చదివి వినిపిస్తూ ఆ వాక్యాన్ని రంగుతో చూపిస్తుంది, ఫురిగానా కూడా పెట్టుకోవచ్చు. వికలాంగుల పునరావాస సంఘం వాటిని ఉచితంగా ఇస్తుంది, టీచర్‌కి తెలియకపోతే మీరే పేరు చెప్పి దరఖాస్తు చేయించండి. సైన్సు, సోషల్ పాఠాలు చెవితో వింటే చాలు, కాంజీ రానందుకు భూగోళం కూడా రాకుండా పోవడం అన్యాయం కదా.

వీటిలో ఏది ఒప్పుకున్నా కాగితం మీద రాయించుకోండి. ఏప్రిల్‌లో టీచర్ మారగానే మాట మీద ఉన్నవి గాలికి పోతాయి, కొత్త టీచర్‌కి మొదటి వారంలోనే ఆ కాగితం చేతికివ్వాలి. మిడిల్ స్కూల్ తర్వాత హైస్కూల్ ప్రవేశ పరీక్షలో ఫురిగానా, అదనపు టైము అడగాల్సి వచ్చినప్పుడు, ఇంతకు ముందు బడిలో ఏం ఇచ్చారు అని అడుగుతారు, అప్పుడు ఈ ఫైలే పనికొస్తుంది.